దిగుడు రాళ్ళు

1
2081 ఏప్రిల్ 27

ఇది ఇప్పుడే రాయడం మొదలుపెట్టాలి. వానలు పడితే దారి మూసుకుపోతుంది. జూన్ నెలాఖరుకి ఎగువ ఊళ్ళ బండ్లను ఉంచడమో తీసుకుపోవడమో తేల్చేస్తామని కొండదారుల రవాణా మండలి చెప్పింది. కరెంటు పికప్ బండ్లు కొండకు పనికొస్తాయా రావా అన్నది వాళ్ళ ప్రశ్న. బండి పల్లానికి దిగినప్పుడల్లా తన లెక్కలు తనే మండలికి చెప్పుకుంటుంది. ఎంత దూరం నడిచిందో, ఎంత బరువు మోసిందో, ఎంత కరెంటు తాగిందో చెబుతుంది. ఎవరి కోసం నడిచిందో దానికి తెలియదు. అది మేమే చెప్పాలి.

మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడికి వెళ్ళలేదు. ఇప్పుడు జీలుగుమెట్ట బడిలో పిల్లలకు అక్షరాలు చెబుతున్నాను. అందుకే ఊరంతా కలిసి ఈ పని నాకు అప్పజెప్పారు.

బండి నడిపేది మా అమ్మ తమ్ముడు, బొంజుబాబు మావ. సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని రాస్తుంటే వచ్చి తొంగిచూశాడు.

"ఏటి రాస్తన్నావే కోడలా?"

"బండి గురించి మావా."

"బండి గురించి బండే సెప్పుకుంటాది. బండోడు అందగాడని రాయి."

వాకిట్లో గిన్నెలు తోముతున్న మావ భార్య దేవుడమ్మత్త తల ఎత్తకుండానే అంది. "అబద్దాలు రాస్తే మండలోళ్ళు బండి ముందే అట్టుకుపోతారే. ఒద్దు."

2
మే 3

ఈ రోజు దిగుడు రాళ్ళు ఎక్కించాం. మండలి వాళ్ళకు ఈ మాట కొత్త కావచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మా ఊరికి వచ్చేది గెడ్డ కరెంటు, అంటే కొండవాగు కరెంటు. గెడ్డ నీళ్ళు తిప్పే చిన్న చక్రం నుంచి ఇంటికో దీపం, ఓ ఫ్యాను, బడికి కొంచెం, మందుల ఫ్రిజ్‌కు కొంచెం. మిగిలింది బండికి. ఎండాకాలం గెడ్డ సన్నబడితే మిగిలేదే ఉండదు. కొండ మీద మా బండి బ్యాటరీ సగం దాటడం ఎవరూ చూడలేదు.

అయినా పదకొండేళ్ళుగా ఆ బండి తిరుగుతోంది. కొండ దిగేటప్పుడు మావ పెడల్ మీంచి కాలు తీస్తే చాలు, బండి తనంతట తనే బిగబట్టుకుంటుంది. మేం దాన్ని 'పట్టు' అంటాం. పట్టు వేసినంతసేపూ మోటారు బ్యాటరీని నింపుతుంది. బరువు ఎంత ఎక్కువుంటే అంత నింపుతుంది. అందుకని కాఫీ, పసుపు, పనసకాయలు లేని రోజుల్లో ఇంటికో రాయి తెచ్చి వెనక తొట్టిలో వేస్తాం. పొలంలో నాగలికి అడ్డొచ్చే రాళ్ళే. కొండ కింద కల్వర్టు పక్కన వాటిని దింపేస్తే బండి తేలికవుతుంది, దిగుతూ సంపాదించిన కరెంటుతో పట్నం వెళ్ళొచ్చి మళ్ళీ ఎక్కుతుంది. కల్వర్టు దగ్గర రాళ్ళ గుట్ట ఇప్పుడు మనిషి ఎత్తు దాటింది. మా పొలాల్లో రాళ్ళు తగ్గాయి.

మా ఊరి ముసలావిడ నూకాలమ్మ ఈ రోజు తన రాయిని తొట్టిలోకి దొర్లించి నడుం పట్టుకుంది. "ఇలాగ దించుకుంటా పోతే మన మనవలకి కొండ మిగల్దురా బొంజూ."

"మిగలకపోతే మంచిదే పిన్నీ. ఎక్కక్కర్లేదు."

బండికి చప్పుడు లేదు. మొదట్లో ఆవులు, మేకలు దాని దారిలోనే పడుకునేవట. అందుకని ముందు కమ్మీకి ఎద్దు గంట కట్టారు. దిగుతుంటే మలుపు మలుపుకీ బండి నెమ్మదించి గంట ఆగి, మళ్ళీ మోగుతుంది. ఆ చప్పుడును బట్టే బండి ఏ మలుపులో ఉందో ఇళ్ళలోంచి చెబుతాం.

3
మే 9

మంచీ చెడూ రెండూ రాయమన్నారు కాబట్టి చెడు కూడా రాస్తున్నాను.

బరువేస్తే ఇది నడిచే దూరం సగానికి పడిపోతుంది. సంత నుంచి బియ్యం బస్తాలతో ఎక్కుతుంటే నిన్న ఆరో మలుపు దగ్గర ఆగిపోయింది. డీజిల్ బండి ఆగితే ఎవరో ఒకరు డబ్బాతో నూనె తెచ్చి పోసేవారని ముసలివాళ్ళు చెబుతారు. కరెంటును డబ్బాలో తేలేం. బస్తాలు నెత్తిన పెట్టుకుని మోశాం. బండి అక్కడే ఉంటే, మావ ఊరి నుంచి తీగ లాగి ఈ పొద్దుటి దాకా కాస్త కాస్తగా నింపాడు. సొంత బరువే ఎక్కువ కావడంతో టైర్లు తొందరగా అరుగుతాయి. కల్వర్టు రెండుసార్లు బీటలిచ్చింది. బ్యాటరీ ముసలిదైంది. నిండా నింపినా కొత్తలో ఉన్నంత పట్టదట.

మంచి కూడా ఉంది. పోయిన తుఫానుకు గెడ్డ చక్రం కొట్టుకుపోతే, బండి వెనక ప్లగ్గు నుంచి మందుల ఫ్రిజ్ నాలుగు రోజులు నడిచింది. నా బడి పిల్లలు ఆ ప్లగ్గుకు తగిలించిన దీపం వెలుతురులోనే ఎక్కాలు చదివారు. ఇంత పని ఏ డీజిల్ బండీ చెయ్యలేదు. నూనె కోసం ఎవరినీ దేబిరించనక్కర్లేదు.

4
మే 17

సీతాలును పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చారు. సీతాలు నూకాలమ్మ మనవరాలు, మా బడిలో మూడో తరగతి. దానికి సికిల్ జబ్బు. రక్తం తరిగిపోతుంటుంది. కొన్ని వారాలకోసారి ఎక్కించాలి. తల్లీ తండ్రీ అదే జబ్బుతో పోయారు.

కొండ దిగడం బాగానే దిగారట. పల్లంలో పట్నం ఇంకా కనపడకముందే బ్యాటరీ అయిపోయింది. దారిలో నింపే చోట బండ్ల వరస. సీతాలు తొట్టిలో నీడ కోసం గోనెపట్టా కింద పడుకుని ఉంటే మావ వరసలో ఉన్నవాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడట. ఇద్దరు దారిచ్చారు, ఒకాయన ఇవ్వలేదు. ఆసుపత్రికి చేరేసరికి పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఇంకొంచెం ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని డాక్టరమ్మ కేకలేసిందట.

సాయంత్రం మావ మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ముసిలిదైపోనాది కోడలా," అన్నాడు.

"బండా మావా?"

"బండే. నానింకా కుర్రోణ్ణే."

నవ్వడానికి ప్రయత్నించాను.

5
మే 28

కొత్త బ్యాటరీ ఇప్పించమని మండలికి రాశాను. బండ్ల సంగతి తేలాకే బ్యాటరీ సంగతి అని జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు.

సీతాలు మళ్ళీ జూన్ పన్నెండున వెళ్ళాలి. ఈ సాయంత్రం ఊరంతా బండి చుట్టూ చేరింది. ఈసారి దారిలో ఆగకూడదు అన్నది అందరి మాట. ఎలా అన్నది ఎవరికీ తోచలేదు.

మా అమ్మే అంది. "దీపాలు ఆర్పేద్దుం. ఫేన్లు కూడా. ఆ పిల్ల ఎల్లొచ్చీదాకా గెడ్డ కరెంటంతా బండికే ఇచ్చేద్దుం."

"ఉక్కపోతకి సస్తాం," అన్నారెవరో.

"ముందు సచ్చేది నూకాలే. ఆ నూకాలే ఒద్దన్లేదు," అంది నూకాలమ్మ. తన పేరు తనే పరాయిమనిషిలా పిలుచుకోవడం ఆమెకు అలవాటు. అందరూ నవ్వారు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

6
జూన్ 9

మొదటి వానలు పడ్డాయి. గెడ్డ పొంగింది. చక్రం గట్టిగా తిరుగుతోంది. పన్నెండు రోజులుగా ఊళ్ళో దీపం లేదు. పొయ్యి వెలుతురులోనే తింటున్నాం. నేను ఇది పగలే రాసుకుంటున్నాను. పిల్లలకు చీకటి సరదాగా ఉంది. సీతాలు మాత్రం అడిగింది.

"టీచరమ్మా, నా కోసమేనా ఆర్పేసింది?"

"నీ కోసం కాదు, బండి కోసం."

"బండి నా కోసం కదా."

దాన్ని ఏమార్చడం కష్టం. పలక మీద బండి బొమ్మ వేసింది. బండికి పొట్ట పెట్టింది. ఆ పొట్ట నిండా సుద్దతో తెల్లగా రుద్దింది.

7
జూన్ 12

పొద్దున్నే బయల్దేరారు. మావ బండి తలుపు తీసి, "ఒచ్చి సూడండర్రా," అని అందరినీ పిలిచాడు. బ్యాటరీ గుర్తు నిండా పచ్చగా ఉంది. కొండ మీద పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూశారు. మా అమ్మ బండికి పసుపు రాసింది.

నిండుగా ఉంది కదా అని రాళ్ళు మానలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆగకూడదని ఈసారి ఇంటికి రెండేసి వేశారు. నేను మా ఇంటి రాళ్ళు రెండూ మోసుకెళ్ళాను.

సీతాలు, నూకాలమ్మ ముందు సీట్లో ఎక్కారు. మావ బండి ఆన్ చేశాడు. బండి మాట్లాడింది.

"పునరుత్పాదక అవరోధం పరిమితం. యాంత్రిక అవరోధాన్ని వినియోగించండి."

అందరూ నా వైపు చూశారు. ఒక్కొక్క మాటా ఎక్కడో చదివినట్టే ఉంది, కలిపితే ఏమిటో నాకు తెలియలేదు. అది ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. బెల్టు పెట్టుకోమంటుంది, మంచు ఉందంటుంది.

"మంత్రం సదువుతంది," అంది నూకాలమ్మ.

"కడుపు నిండితే ఎవులైనా సదువుతారు పిన్నీ," అన్నాడు మావ. బండి మళ్ళీ అదే చదివింది. మావ అత్త వైపు చూసి, "సందేలకి ఒచ్చేస్తాను, రొయ్యపొట్టు ఏపు," అని కదిలించాడు.

మేం అక్కడే నిలబడి గంట వింటున్నాం. మొదటి మలుపు దగ్గర ఆగింది. రెండో మలుపు దగ్గర కూడా ఆగింది, కానీ ఆలస్యంగా. మూడో మలుపు దగ్గర ఆగలేదు.

అత్త, "బేగి పోతన్నాడేటి?" అంది.

తర్వాత గంట ఎడతెగకుండా మోగింది. మలుపుల మధ్య ఖాళీ లేకుండా, పండగకు ఎద్దుల్ని తోలినట్టు. కిందికి, ఇంకా కిందికి. మేం పరుగెత్తడం మొదలుపెట్టాం. సగం దారిలో ఉండగా గంట ఆగిపోయింది.

8
జూన్ 15

మావ లేడు.

జరిగింది నూకాలమ్మ చెప్పింది. ఆమెకు చెయ్యి విరిగింది. ఆమె మాటల్లోనే రాస్తాను.

"కాలు తీసినాడు. బండి పట్టలేదు. మళ్ళీ తీసి సూసినాడు. 'పిన్నీ, ఇయ్యాల దీనికి పట్టు లేదే,' అన్నాడు, నవ్వతానే అన్నాడు. కాలి బ్రేకు తొక్కినాడు. మొదట ఆగింది. మరి ఆగలేదు. కాలిన కంపు ఒచ్చింది. అప్పుడు నవ్వలేదు. సీతాలు గుంటని కిందకి ఒంచి మీద పడుకో అన్నాడు నాతోటి. కల్వర్టు కనిపించింది. దాని కింద లోయ కదా. మన రాళ్ళ గుట్ట కేసి తిప్పినాడు. ఆడి పక్క తగిలేలాగ తిప్పినాడు. నాను సూసినాను. మా పక్క తగలనియ్యలేదు."

సీతాలును పల్లం బండి ఒకటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తం ఎక్కించారు. బాగుంది. ఇంకా మావ గురించి దానికి చెప్పలేదు. గంట విరగలేదు. అత్త దాన్ని తెచ్చి దండేనికి వేలాడదీసింది. గాలికి మోగుతుందని లోపల గుడ్డ కుక్కింది.

రొయ్యపొట్టు వేపిన మూకుడు అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

9
జూన్ 19

మండలి నుంచి ఇన్‌స్పెక్టర్ ప్రభంజన్ గారు నడిచి వచ్చారు. బూట్ల నిండా బురద. మంచి మనిషే. ముందు మంచినీళ్ళు తాగి, అత్త ఎదుట కాసేపు తల వంచుకుని కూర్చుని, తర్వాతే అడగడం మొదలుపెట్టారు. బ్యాటరీ నిండా నింపామని చెప్పగానే ఆయన రాయడం ఆపేశారు.

"కొండ మీద నిండా నింపారా? నింపి దిగారా?"

"పిల్ల కోసం సార్. అందరం దీపాలు ఆర్పుకుని నింపాం."

ఆయన నెమ్మదిగా చెప్పారు. "దిగేటప్పుడు మోటారు పట్టాలంటే, అది పుట్టించే కరెంటు ఎక్కడికైనా పోవాలి కదమ్మా. బ్యాటరీలో చోటుంటేనే పుచ్చుకుంటుంది. నిండిపోతే పుచ్చుకోదు. పుచ్చుకోకపోతే మోటారు పట్టదు. ఇంక మిగిలింది కాలి బ్రేకు. అది ఏళ్ళ తరబడి వాడక తుప్పు పట్టి ఉంది. పైన అంత రాళ్ళ బరువు."

"నింపడం తప్పా సార్?"

"పల్లంలో అయితే తప్పు కాదు. కొండ మీద కొంచెం ఖాళీ ఉంచుకోవాలి."

"మాకెవరూ చెప్పలేదు."

"బండి చెప్పింది. రెండుసార్లు చెప్పినట్టు నమోదైంది." ఆయన తన దగ్గరున్న యంత్రం మీద ఆ మాట వినిపించారు. పునరుత్పాదక అవరోధం పరిమితం.

దేవుడమ్మత్త గుమ్మంలోంచి అడిగింది. "అది ఏ బాస బాబూ?"

ఆయన యంత్రం ఆపేశారు. వెళ్ళేటప్పుడు నాతో అన్నారు. "నివేదికలో 'డ్రైవరు హెచ్చరికను పట్టించుకోలేదు' అని రాయకుండా ఉండడం నా చేతిలో లేదమ్మా. నమోదైంది అలాగే ఉంది."

అందరూ వెళ్ళిపోయాక మా అమ్మ అంది. "మనం సేసినదంతా కలిపి ఆణ్ణి సంపీసినాదా?" నేను కాదన్నాను. దీపం ఆర్పినవాళ్ళకి పాపం ఉండదన్నాను. ఆమె నా మాట నమ్మాలని చాలా ప్రయత్నించింది.

10
జూన్ 23

బొడ్డమామిడికి నడిచి వెళ్ళాను. మాకు దగ్గరి ఎగువ ఊరు. ఆ ఊరి బండివాడు కొండబాబు, మా మావకు స్నేహితుడు. నన్ను చూడగానే ఏడ్చాడు. తర్వాత చేయి పట్టుకుని తన బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"బలం చాలక బొంజుగాడి బండి పడిపోనాదని విన్నాం. మాకలాగ జరగనివ్వం పాపా. సూడు."

పచ్చగుర్తు నిండా ఉంది. వాళ్ళూ దీపాలు ఆర్పేశారు. వానకు గెడ్డలన్నీ పొంగి కరెంటు బోలెడుంది. ఊరి మధ్య రాళ్ళు పోగు వేసి ఉన్నాయి, తొట్టిలో వెయ్యడానికి.

కూర్చుని మొత్తం చెప్పాను. కొండబాబు నమ్మలేదు.

"నిండితే పడతాదా? ఎక్కడైనా ఉందా ఈ ఇడ్డూరం?"

"కుండ నిండాక ఇంకా పోస్తే ఏమవుతుంది బాబాయ్?"

"పొర్లిపోతాది."

"పట్టు కూడా అంతే. పొయ్యడానికి చోటు లేకపోతే పట్టదు."

ఆ సాయంత్రమే ఊళ్ళో దీపాలన్నీ బండి ప్లగ్గుకు తగిలించి వెలిగించాడు. సగం ఖాళీ అయ్యేదాకా పడుకోలేదు. ఆ వెలుతురులో పిల్లలు గంతులేస్తుంటే నాకు మావ గుర్తొచ్చాడు.

11
జూన్ 26

కొండదారుల రవాణా మండలి వారికి,

మీరడిగిన రాత ఇది. బండ్లు కొండకు పనికొస్తాయా రావా అన్న ప్రశ్నకు నా జవాబు: పనికొస్తాయి. వాటిని తీసుకుపోకండి. బండి లేకపోతే సీతాలు లేదు. కానీ బండి మాట మాకు అర్థం కావాలి.

ఇప్పుడు అంతకన్నా తొందరైన సంగతి రాస్తున్నాను. మా బండి బలం చాలక పడిపోయిందన్న మాట ఎగువ ఊళ్ళన్నిటికీ పాకింది. అందుకని ప్రతి ఊరూ తన బండిని నిండా నింపుకుంటోంది. జూలై 4న పల్లంలోని ఆశ్రమ బడి తెరుస్తారు. ఆ రోజు అన్ని ఊళ్ళ బండ్లూ తొట్టి నిండా పిల్లలతో, పెట్టెలతో కొండ దిగుతాయి. నేను నడిచి మూడు ఊళ్ళకు చెప్పగలిగాను. మిగిలిన ఏడూ పెద్దగెడ్డకు అవతల ఉన్నాయి.

ప్రతి ఊళ్ళో మీ వానపెట్టె ఉంది. రోజూ సాయంత్రం వాన కబురు చెబుతుంది, ఊరంతా వింటుంది. దాంట్లో ఈ మాట చెప్పించండి. దయచేసి మీ మాటల్లోకి మార్చకండి, ఇలాగే చదివించండి:

"బండి నిండా నింపీసి కొండ దిగకండి. నిండితే పట్టుండదు. దిగేముందు దీపాలెలిగించి సగం కాళీ సేసీండి. ఆ రోజుకి రాళ్ళు ఎయ్యకండి."

రెండో కోరిక, మీరు పంపిన నివేదికలో మా మావ పేరు పక్కన ఉన్న 'హెచ్చరికను పట్టించుకోలేదు' అన్న వాక్యం తీసెయ్యమని. అత్తకు చదువు రాదు, అయినా దాన్ని నా చేత రోజూ చదివించుకుంటోంది. ఆ వాక్యం తియ్యడానికి రోజులు పడతాయంటే పట్టనివ్వండి. మొదటిదానికి రోజుల్లేవు.

ఈ కాగితం రేపు పల్లానికి దిగి నేనే పంపిస్తాను. జూలై 2 సాయంత్రం లోపు జవాబివ్వండి. ఆ సాయంత్రం నేను మా వానపెట్టె దగ్గరే కూర్చుంటాను. అందులో ఆ మాట వినపడితే చాలు, వేరే జవాబు అక్కర్లేదు. వినపడకపోతే మూడో తేదీ పొద్దున్నే నేను పెద్దగెడ్డ దాటాలి. గెడ్డ ఇంకా తగ్గలేదు.

ఇట్లు,
పాంగి కుసుమ,
జీలుగుమెట్ట